బావలో ఒక్క మంచి గుణం

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతనికి అక్క మొగుడంటే పదేళ్ళుగా పడదు. "మా బావమరిది ఊరందరి చూపూ బాగు చేస్తాడు, వాడి బతుకే మసక" అని నలుగురిలో అనడం ఆ బావకు అలవాటు. ఆదివారాల కథారచన తరగతిలో చేరగానే అతను ఆ కసినంతా పన్నెండు పేజీల్లో కక్కేశాడు.

మాస్టారు చదివి కాగితాలు బల్లమీద పెట్టారు.

"ఈ బావ నమ్మేలా లేడండీ. నిలువెల్లా విషమేనా? ఒక్క మంచి గుణమైనా చూపించండి."

వారమంతా అరగదీసే చక్రం ముందు కూర్చుని వెతికాడు. ఒక్కటీ తట్టలేదు. చివరికి సిగ్గు విడిచి అక్కకు ఫోన్ చేశాడు.

"నువ్వు కామెర్లతో ఆసుపత్రిలో పడున్నప్పుడు నీ వాంతుల బట్టలు ఎవరు ఉతికారనుకున్నావు?" అంది అక్క.

"ఆయా."

"మీ బావ. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. నువ్వేమో వెళ్ళి ఆ ఆయాకి దండాలు పెట్టొచ్చావు."

ఇన్నేళ్ళు పెంచుకున్న కోపానికి ఇలా గండి పడటం అతనికి బొత్తిగా నచ్చలేదు. అయినా ఉన్నదున్నట్టు రాసి పట్టుకెళ్ళాడు.

తరగతి పెదవి విరిచింది. "అంత నోటిదురుసు మనిషి బట్టలుతకడమేమిటండీ, మరీ సినిమాలా ఉంది" అంది రిటైరైన లెక్కల టీచరు.

"ఇది నిజంగా జరిగిందండీ."

"జరిగితే సరిపోదు, కథలో ఇమడాలి" అన్నారు మాస్టారు.

ఒళ్ళు మండి, అతను ఆ పేరా కొట్టేసి, బావ పక్కింటి పిల్లితో కబుర్లాడతాడని తోచింది రాసి పడేశాడు. అందరూ మురిసిపోయారు. ఆ ఏడాది తరగతివాళ్ళు వేసిన పుస్తకంలో మొదటి కథ అదే.

గుండె చిక్కబట్టుకుని పుస్తకం తీసుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. బావ కళ్ళజోడు తగిలించుకుని ఆసాంతం చదివాడు. తన నోటిదురుసు గురించి రాసినచోటల్లా తలూపుతూ పోయాడు. చివరి పేజీలో ఆగాడు.

"నేను పిల్లితో ఎప్పుడు మాట్లాడానురా? పిల్లి దగ్గరికొస్తేనే నాకు ఆయాసం."

"ఏదో ఒక మంచి గుణం ఉండాలన్నారు బావా."

"దొరకలేదా?"

"దొరికింది. ఎవరూ నమ్మలేదు."

బావ వంటింట్లో ఉన్న అక్కవైపు గుర్రుగా చూసి, పుస్తకం మూశాడు.

"అచ్చుతప్పులు తొమ్మిదున్నాయి" అన్నాడు. "ఇంకో నాలుగు కాపీలుంటే ఇవ్వు. ఆఫీసులో చూపిస్తాను."