తీసేసిన నాలుగు పేజీలు

"పప్పులో ఉప్పు తక్కువైంది, రిపోర్టులో పేజీలు ఎక్కువయ్యాయి," అన్నాడు మా ఆయన, రెండు మాటలూ ఒకే ముద్ద నములుతూ. పప్పు నేనే వండాను, రిపోర్టూ నేనే రాశాను. ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపి, ఏ పేజీలండీ అని అడిగాను.

"చివరి నాలుగూ. పీకెయ్. ధరెంత, స్పీడెంత, అయిపోయింది. మిగతా సోదంతా ఎవడు చదువుతాడే?"

మా ఆయన ఆనందబాబు కువైట్‌లోని షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో కంప్యూటర్ల విభాగం చూస్తాడు. చూడటం వరకే ఆయన పని, చేసేది నేను. పెళ్ళికి ముందు భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్ళు సర్వర్లు నడిపాను. ఆ సంగతి తెలిసే చేసుకున్నాడు. కువైట్ వచ్చిన మొదటి వారమే ఆఫీసు పని ఇంటికి తెచ్చి, "ఫ్లోరెన్స్, ఇది కాస్త చూడు" అన్నాడు. నాలుగేళ్ళయింది, ఆ కాస్త ఇంకా పూర్తవలేదు. దాంతోపాటు ఒక పాఠం కూడా నేర్పాడు: "ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, నేను హౌస్ వైఫ్‌ని, నాకేం తెలీదని చెప్పు. పెళ్ళాం చేసి పెడుతుందని తెలిస్తే నా పరువేం కాను?"

ఈసారి పని రెండు సర్వర్ ప్రాసెసర్లలో ఏది కొనాలో తేల్చడం. ఒకటి పదహారు కోర్లది, చవక. రెండోది ఎనిమిది కోర్లది, రెట్టింపు ధర. కోరంటే ప్రాసెసర్ లోపల పనిచేసే చెయ్యి అనుకోండి. కంపెనీవాళ్ళు నమూనాకి ఒక్కో రకానిదీ ఒక్కో యంత్రం తెప్పించారు. అబ్బాసియాలోని మా రెండు గదుల ఇంట్లో కూర్చుని, లాప్‌టాప్‌లోంచి వాటి మీద పదకొండు రోజులు పరీక్షలు నడిపాను. ఒక చెయ్యి కీబోర్డు మీద, ఇంకో చెయ్యి తోటికోడలి పిల్ల ఊయల మీద. అయినా ఆ పదకొండు రోజులూ నాకు ఒంట్లో ప్రాణం ఉన్నట్టుండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మా ఆయన పక్కన ఎన్నడూ అంత సుఖపడలేదు.

మొదటి పట్టికలో చవకదే గెలిచింది. ఎక్కువ చేతులు, ఎక్కువ పని, తక్కువ ధర. కానీ కంపెనీ వాడే డేటాబేస్‌కి లైసెన్సు రుసుము యంత్రానికింత అని కాదు, కోరుకింత అని కడతారు. పదహారు కోర్లు కొంటే ఏటేటా రెట్టింపు రుసుము. ఇంకొకటి, షుఐబాలో ఆ సర్వర్లుండేది రేకుల కాబిన్‌లో. వేసవిలో ఏసీ మొరాయిస్తే, చవకది వేడెక్కి సగం వేగానికి పడిపోతోంది. కొన్నప్పుడు మిగిలింది ఏడాది తిరక్కుండా పోతుంది. చివరి నాలుగు పేజీల్లో నేను రాసింది ఇదే.

ఆయనకి నోటితో కూడా చెప్పాను. "కుక్కుటేశ్వరరావుగారి సంగతి మర్చిపోయారా?" అన్నాను. మా ఆయనకి ముందు ఆ కుర్చీలో ఉన్న మనిషి ఆయన. లైసెన్సు చూసుకోకుండా ఏదో కొన్నాడని, ఖలాస్, ఇక పొమ్మన్నారు. పది రోజుల్లో పెళ్ళాం పిల్లలతో సహా విమానం ఎక్కించారు.

"నన్ను ఆడితో పోలుస్తున్నావా? చెప్తే ఇనవేంటే? నాలుగంకెలు చూడగానే పెద్ద ఇంజనీరమ్మ అయిపోతావ్!"

తీసేశాను. ఎందుకు తీసేశానంటే నాకు ఆయన సంతకం కావాలి గనక. సాల్మియాలో ఒక ఇండియన్ స్కూలువాళ్ళు సర్వర్లు చూసుకోవడానికి నన్ను తీసుకుంటామన్నారు. ఈ నెలాఖరులోగా వీసా మార్పు కాగితం తెమ్మన్నారు. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డుకి పూచీ పడ్డ కఫీల్ మా ఆయనే. మొగుడే కఫీలైన ఆడది వండటానికి, ఉతకడానికి, ఎవరి పిల్లనైనా మోయడానికి కాగితం అక్కర్లేదు గానీ, జీతానికి పనిచేయాలంటే ఆయన సంతకం పడాలి. రిపోర్టు పూర్తయితే పెడతానన్నాడు. ప్రభువు మీద ఒట్టు కూడా వేశాడు.

రిపోర్టు మెయిల్ చేసిన సాయంత్రం కాగితం ఆయన ముందు పెట్టాను, పెన్ను మూత తీసి మరీ. అప్పుడు మా బావగారు, తోటికోడలు జాయ్సీ కూడా ఉన్నారు. జాయ్సీ ఆసుపత్రిలో నర్సు. ప్రసవం సెలవు అయిపోయి డ్యూటీలో చేరినప్పటి నుంచి ఐదు నెలల పిల్ల నా దగ్గరే ఉంటోంది.

మా ఆయన కాగితం తిరగేసి, వెనకవైపు నిలువుగా గీత గీశాడు. "రా, నీ భాషలోనే చెప్తా. ఇటు నువ్వు ఉద్యోగం చేస్తే. అటు ఇంట్లో ఉంటే. నువ్వు పోతే పిల్లకి ఆయా కావాలి, నాకు బయట తిండి, పోనూ రానూ నీకు టాక్సీ. ఇంట్లో ఉన్నావనుకో, ఖర్చు తక్కువ, పని ఎక్కువ. నీ మొదటి పట్టికే ఇది. చవకదే గెలిచింది. నువ్వే రాశావ్ గదా!"

బావగారు పగలబడి నవ్వారు. జాయ్సీ నవ్వలేదు గానీ, "ఇంట్లో ఉంటే నీకు మాత్రం లోటేముంది ఫ్లోరా? డ్యూటీలు చేసి చేసి నేను చస్తన్నా," అంది. నర్సాపురం నుంచి అత్తగారు ఫోన్‌లో ఆ మాట పూర్తి చేశారు: "గొడ్డుమోతుదానికి పిల్లనెత్తుకునే భాగ్యం దొరికింది, అది చాలదా?" స్పీకర్ ఆన్‌లో ఉంది. ఎవరూ ఆపలేదు. నేను టీ పెట్టడానికి వెళ్ళాను, ఎందుకంటే ముగ్గురూ టీ అడిగారు. వంటింట్లో బియ్యం డబ్బా కింద నేను అచ్చు తీసి దాచుకున్న నాలుగు పేజీలు ఉన్నాయి. చింపలేకపోయాను.

శుక్రవారం చర్చి నుంచి వచ్చి, బిర్యానీ తిని, మొబైల్ ఆపేసి మా ఆయన పడుకున్నాడు. ఆ నిద్ర చెడగొడితే ఇల్లు పీకి పందిరేస్తాడు. పిల్ల నా భుజం మీద ఉంది. ఇంటి ఫోన్ మోగింది. మా ఆయన పైఅధికారి, ఈజిప్టు నుంచి వచ్చిన ఇంజనీర్ నబీల్. పెద్దాయన, నెమ్మదైన ఇంగ్లీషు.

"సెలవురోజు ఇబ్బంది పెడుతున్నాను మేడమ్. ఆనంద్ ఫోన్ కలవడం లేదు. ఆదివారం పొద్దున్నే ఆర్డరు మీద సంతకం పెడుతున్నాను. రిపోర్టు చాలా బాగుంది, కానీ లైసెన్సు సంగతి ఎక్కడా లేదు. ఆయన ఆ లెక్క చూశారా? ఆ పేజీలేమైనా ఇంట్లో ఉన్నాయా?"

బియ్యం డబ్బా నాకు రెండడుగుల దూరంలో ఉంది.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయన సోమవారం ప్రశంసలు మోసుకొస్తాడు, ఇంకో రిపోర్టు తెస్తాడు, నేను ఇక్కడే ఇలాగే ముసలిదాన్నవుతాను. చెప్పకపోతే జూన్‌లో లైసెన్సు బిల్లు వస్తుంది, ఎండ కూడా యాభై దాటుతుంది. మనిషి బతుకు మీద దెబ్బ కొట్టాలనుకోవడం పాపమని ఆ పొద్దున్నే మోకాళ్ళ మీద ఉండి విని వచ్చాను. అయినా నా లోపల జాలి కోసం వెతికితే చేతికేమీ తగల్లేదు. కుక్కుటేశ్వరరావుగారికిలా ఆయన ఉద్యోగం ఊడి ఇఖామా రద్దయితే నాదీ రద్దవుతుంది. ఇద్దరం విమానం ఎక్కుతాం. భీమవరంలో ఉద్యోగం చేసుకోవడానికి నాకు కఫీల్ ఉండడు. ఇన్నాళ్ళూ ఆ సంతకం లేకపోతే నాకు దారే లేదనుకున్నాను. ఈ దారికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

"నేను హౌస్ వైఫ్‌ని సార్," అన్నాను. "నాకేమీ తెలీదు. ఆయన పడుకున్నారు. అన్నీ చూసుకునే పంపి ఉంటారు."

"సరే మేడమ్. నిద్రపోనివ్వండి," అన్నాడాయన.

ఫోన్ పెట్టేసి పిల్లని పడుకోబెట్టాను. నాలుగు పేజీలూ తీసి ముక్కలు చేసి, వేడినీళ్ళతో సింకులోకి కొట్టేశాను. అప్పుడే మా ఆయన లుంగీ సర్దుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరే ఫోన్?"

"మీ ఆఫీసువాళ్ళండీ. ఏదో అడిగారు. నేను హౌస్ వైఫ్‌ని, నాకేం తెలీదని చెప్పాను."

"మంచి పని చేశావ్," అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.