నిన్న ఒక్క వేలే ఎత్తాడు

ఐలా వంతెన నడిమధ్యకి వచ్చింది గానీ ఎదుటినుంచి రావలసిన దీపం రాలేదు.

ఆరు గంటల ఐదు నిమిషాలు. ఠంచనుగా ఆ వేళకి, మూడో దీపస్తంభం దగ్గర ఇద్దరి సైకిళ్లూ ఎదురుపడాలి. స్తంభం చేరకముందే అతను కనిపిస్తే ఆమెకి ఆలస్యమైనట్టు, దాటాక కనిపిస్తే అతనికి. పంతొమ్మిదేళ్లలో ఆ తేడా ఒక్క స్తంభం దూరానికి మించింది లేదు. ఇవాళ ఆమె వంతెన చివరిదాకా వెళ్లి, ఒక కాలు కింద ఆన్చి ఆగింది. చలి మైనస్ ఇరవై ఏడు. ముక్కు మీదికి లాక్కున్న మఫ్లర్ ఊపిరి తడికి గడ్డకట్టి అట్టలా బిగుసుకుంది. కంటి వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. రెండు నిమిషాలు చూసింది. ఉత్తరం వైపు దారంతా ఖాళీగా, తెల్లగా ఉంది. ఇంకా నిలబడితే బఠాణీలు పొయ్యి ఎక్కవు. ఆమె మళ్లీ పెడలు మీద కాలు వేసింది.

గురువారం గనక బడిలో బఠాణీ సూపూ అట్టూను. నాలుగువందల ఇరవై మంది పిల్లలు పదకొండుకల్లా ప్లేట్లు పట్టుకుని నిలబడతారు. ఐలా ఆ వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పని చేస్తోంది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం గట్టివి. కుడి ముంజేతి మీద ఓవెన్ తలుపు కాల్చిన మచ్చలు మూడు. భర్తకి కారుంది. చలికాలం రాగానే దింపుతానని తాళాలు ఆడించి చూపించేవాడు, ఇరవయ్యేళ్ల కింద ఆ పనీ మానేశాడు. తన తండ్రి పోయిన రోజు కూడా పిల్లలు తినడం అయ్యాకే ఆమె ఏప్రన్ విప్పింది. అలాంటి మనిషి ఇవాళ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని, ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తూ నిలబడింది.

పక్కన అట్ల పిండి కలుపుతున్న మింతు అది కనిపెట్టేసింది. మింతుకి ముప్ఫయ్యేళ్లుంటాయి, నోరు ఊరుకోదు.

"ఏంటక్కా, మొహం అలా వేలాడేశావ్?"

"ఆయన రాలేదే."

"ఏ ఆయన?" మింతు గరిటె ఆపేసింది. "ఏ ఆయనక్కా? ఇన్నాళ్లూ మాకు చెప్పనేలేదు!"

"ఛీ, నోర్మూసుకో. పంతొమ్మిదేళ్లుగా రోజూ వంతెన మీద ఎదురొచ్చే ఆయన."

"పేరేంటి?"

"తెలీదు."

"ఏం చేస్తుంటాడు?"

"ఏమో. నేనెప్పుడూ అడగలేదు."

"పంతొమ్మిదేళ్లుగా రోజూ చూస్తూ పేరైనా అడగలేదా? బాగానే ఉంది సంబడం!"

"ఎందుకడగాలి? ఆయన పనికి ఆయన, నా పనికి నేను పోతుంటే."

"సరేలే, ఈ చలికి బస్సెక్కుంటాడు. దానికింత దిగులా?"

ఐలాకి ఒళ్లు మండింది. "బస్సు నువ్వెక్కుతావు. సెప్టెంబర్లో రెండు చినుకులు పడ్డాయంటే నీ సైకిల్ సెల్లార్లో కొక్కేనికి వేలాడుతుంది. ఆయన ఎక్కడు."

"అబ్బో! మేం మాత్రం మనుషులం కామా?" అంది మింతు. కోపమేమీ లేదు, ఉన్నమాటే గనక నవ్వేసింది.

ఐలా ఎవరినీ తక్కువ చేసే మనిషి కాదు. కానీ కళ్లున్నాక కనిపించకుండా ఎలా ఉంటుంది? మే నెలలో వంతెన మీద సందు దొరకదు. కొత్త హెల్మెట్లు, మెరిసే చక్రాలు, ఊరికే మోగించే గంటలు. వాళ్లంతా బయల్దేరేముందు తలెత్తి ఆకాశం వంక చూస్తారు. రోజూ తొక్కేవాళ్లు తల వంచి నేల వంక చూస్తారు, ఇవాళ మంచు పొడిగా ఉందా, జారుతుందా అని. వాళ్ల సైకిళ్లు చూస్తే జాలేస్తుంది. రంగు పోయి, సీటుకి దుకాణం సంచీ చుట్టి, మడ్‌గార్డు తీగతో కట్టి ఉంటాయి. చెయిన్ మాత్రం నూనెతో నల్లగా ఉంటుంది, కిర్రుమనదు. అక్టోబరు చీకట్లకి మెరిసే చక్రాలన్నీ ఇళ్లకి చేరతాయి. జనవరిలో పొద్దున ఆరింటికి ఆ వంతెన మీద మిగిలేవి ఏడో ఎనిమిదో దీపాలు, ఐలా వాటిని దూరంనుంచే గుర్తుపడుతుంది. అతనిది తలకొకటి, హ్యాండిల్‌కొకటి, రెండు దీపాలు. మంచు మీద జారకుండా టైర్లకి ఇనుప మేకులు. వెనకాల పాత ట్యూబు ముక్కతో బిగించిన నీలం పాల పెట్టె.

ఎదురుపడ్డప్పుడు ఇద్దరూ హ్యాండిల్ మీదనుంచి చూపుడు వేలు ఒక్కటే ఎత్తుతారు. పలకరింపంటే అదే. నాలుగో సంవత్సరమో ఐదో సంవత్సరమో, జూన్ ఆఖర్న అతను వేలికి బదులు చెయ్యి మొత్తం ఎత్తాడు. మర్నాడు రాలేదు, నాలుగు వారాల తరవాత వచ్చాడు. ఓహో, సెలవన్నమాట అని ఆమెకప్పుడు అర్థమైంది. ఆ తరవాత తన సెలవులకి ఆమె కూడా చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. ఒకసారి మార్చిలో చెయ్యెత్తి మూడు వారాలు రాలేదు, వచ్చాక కొన్నాళ్లు నెమ్మదిగా తొక్కాడు. ఆపరేషన్ కాబోలు అనుకుంది. ఏదేమైనా, చెప్పకుండా రావడం మాత్రం మానలేదు.

"నిన్న ఒక్క వేలే ఎత్తాడు," అంది ఐలా.

ఆ సంగతంతా విన్నాక మింతు నవ్వలేదు. "పోలీసులకి ఫోన్ చేద్దామా అక్కా?"

"ఏమని చెయ్యను? పేరు తెలీని మనిషి మైనస్ ఇరవై ఏడులో సైకిలెక్కలేదు, వచ్చి చూడండి అనా?"

ఎనిమిదింటిదాకా ఓపిక పట్టింది. క్యారెట్ తరిగింది, మాంసం వేసింది, మనసు మనసులో లేదు. ఎక్కడో మంచులో పడి ఉంటే? ఈ చలిలో కాలు విరిగినా చాలు, ప్రాణం పోవడానికి గంట చాలు. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది.

"సూపు అడుగంటనీకు. కలుపుతూ ఉండు."

"వెళ్లిపోతావా? నువ్వా?" మింతు నోరు వెళ్లబెట్టింది.

ఐలా అప్పటికే గ్లవ్స్ తొడుక్కుంటోంది.

బడి దాటి ఉత్తరంగా ఆమె ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్లే పని పడలేదు. దారి పక్క కుప్పల్లోకి చూసుకుంటూ తొక్కింది. కిలోమీటరు పోయాక మంచు తీసే ట్రాక్టరు ఎదురొచ్చింది. నడిపేవాడు రేయో, వంటగది వెనక గుమ్మం దగ్గర వారానికోసారి కాఫీ తాగిపోయేవాడు. ఐలా దారికి అడ్డంగా సైకిల్ నిలబెట్టింది.

"రేయో, వెనకాల నీలం పాల పెట్టె కట్టుకుని తొక్కే ఆయన ఎక్కడినుంచి వస్తాడో నీకు తెలుసా?"

"తెలీకేం! ఆ వరస ఇళ్ల సందులోంచి. ఐదున్నరకి నేనక్కడ మలుపు తిరిగేసరికి సందు మొదట్లో కాచుక్కూచుంటాడు. నేను దారి తీస్తూ పోతుంటే నా వెనకే వస్తాడు. ఇవాళ లేడు. నేనే ముందొచ్చేశాననుకున్నా."

"బస్సెక్కాడేమో అనుకోలేదా?"

"ఆయనా?" రేయో ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఐలా మొహం చూశాడు, నవ్వు ఆగిపోయింది. "నా వెనకే రా అక్కా," అని ట్రాక్టరు తిప్పాడు.

అవి ఆరు ఇళ్లు, ఒకే కప్పు కింద. ఆకాశం నీలంగా తేటపడుతోంది. మొదటి ఇంటి ముందు కారొకటి మంచులో కూరుకుపోయి ఉంది. రాత్రి పడ్డ మంచు మీద చివరి ఇంటి మెట్లనుంచి వెనకనున్న చెక్క షెడ్డుదాకా అడుగుజాడలు కనిపించాయి. బూట్లవి, ఒకే మనిషివి. వెళ్లినవే గానీ తిరిగి వచ్చినవి లేవు. పక్కన చక్రం గీత కూడా లేదు.

రేయో ముందు వెళ్లాడు. షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి వెళ్లి వెంటనే బయటికొచ్చి, అంత చలిలోనూ టోపీ తీశాడు.

"అక్కా, ఇక తొందరేం లేదు," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లింది. అతను గోడకి చేరగిలబడి కూర్చున్నాడు, కాళ్లు చాపుకుని. హెల్మెట్ పట్టీ గడ్డం కింద పెట్టే ఉంది. చలికాలమంతా కళ్లు, ఎండాకాలం కనురెప్పపాటు, అంతే చూసిన మొహం. ఇప్పుడు తీరిగ్గా చూసింది. నెరిసిన మీసం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఇలా ఉంటాడన్నమాట అనుకుంది.

అంబులెన్సు వాళ్లు వచ్చారు. గుండె అన్నారు, తెల్లవారుజామున ఏ ఐదింటికో, క్షణంలో అయిపోయి ఉంటుందన్నారు.

"నేను ఆరింటికే వచ్చి ఉంటే?" అని అడిగింది ఐలా.

"లేదమ్మా. అప్పటికే లేడు."

సగమే నమ్మింది. పక్కింటినుంచి హెల్వీ అనే ముసలావిడ నైటీ మీద కోటు వేసుకుని, ఊతకర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"లేచి కిటికీలోంచి చూశాను తల్లీ. మెట్ల దగ్గర సైకిల్ లేదు. వెళ్లిపోయాడనుకున్నా. నా బుద్ధి మండ! షెడ్డులో పెట్టుంటాడని తోచలేదు."

"ఆయన పేరేంటమ్మా?"

"తౌనో. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పని. ముప్ఫయ్యేళ్లు అవే దుప్పట్లు. ఒక్కడే. ఇంతకీ నువ్వెవరు?"

ఐలా మఫ్లర్ కిందికి లాగింది. "పొద్దున వంతెన మీద..."

"వంతెన ఆవిడవి నువ్వేనా!" హెల్వీ ఆమె చెయ్యి పట్టుకుంది. "సాయంత్రం నా దగ్గర కాఫీకొస్తే నీ మాటే. 'ఇవాళా వచ్చింది హెల్వమ్మా' అనేవాడు. చలెంత ముదిరితే అంత సంబరం వాడికి. ఊరంతా ఇంట్లో కూచున్నా ఆవిడ కూచోదు అనేవాడు, నిన్ను తానే కన్నట్టు. పేరడగరా అంటే, పనికెళ్లే మనిషిని ఆపుతారా అనేవాడు."

ఐలా ఏడ్చింది. కారిన నీళ్లు మఫ్లర్ అంచున గడ్డకట్టాయి.

"ఐలా," అంది. "నా పేరు ఐలా."

అంబులెన్సు అప్పటికి సందు మలుపు తిరిగింది. రేయోకి ఇంకా మూడు దారులు తీయాల్సి ఉంది, బడికి కబురు చెబుతానని అతనూ వెళ్లాడు. షెడ్డు తలుపు కాస్త వేసిపొమ్మని చెప్పి హెల్వీ లోపలికి నడిచింది.

తలుపు వెయ్యబోతూ ఐలా ఆగింది. సైకిల్ గోడకి ఆనించి ఉంది, వెనక చక్రం గట్టిగా ఉంది. ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. సగమే గాలి ఉంది. పంపు గొట్టం ఇంకా వాల్వుకి తగిలించే ఉంది. పైకి లాగిన పంపు పిడి పైనే ఉంది, కిందికి నొక్కలేదు.