నాచు మందు

గడియారాలు బాగుచేసే ఆయన పొద్దున్నే పెరట్లోకి వచ్చి నిలువునా నీరైపోయాడు. అక్కడి చిన్న చేపల చెరువంతా తెల్లటి పొట్టలు. పదకొండేళ్లుగా తన చేత్తో మేపిన చేపలు. బతికున్న కాసిని నీటిపైకి మూతులు పెట్టి గుటకలేస్తున్నాయి.

ఆయనకు రెండో ఆలోచనే రాలేదు. గోడ అవతల వదిన అద్దకం షెడ్డు ఉంది. అన్న పోయాక ఆవిడ ఒక్కతే నడుపుతోంది.

"వదినా! మీ రంగునీళ్లు నా చేపల్ని పొట్టన పెట్టుకున్నాయి!" అని గోడ మీంచే అరిచాడు.

ఆవిడ వచ్చి, దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసింది.

"రంగేదీ ఇందులో? ఇది కుళ్లు వాసన. మొన్నటిదాకా పరుచుకున్న నాచేమైంది?"

"మందు పోశాను. నాలుగు రోజులైంది."

"కొంచెం కొంచెంగానేనా?"

ఆయన గట్టు మీద పడున్న ఖాళీ డబ్బా చూపించాడు. ఒక విడతకు సగం చెరువుకే వాడాలని డబ్బా మీద రాసుంది. ఆవగింజంత మరను కూడా భూతద్దంలో వెతికి పట్టుకునే మనిషి, అది చదివి కూడా, పనైపోతుంది కదా అని డబ్బా మొత్తం గుమ్మరించాడు.

"నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లింది. నీళ్లలోని గాలి అంతా ఆ కుళ్లుకే సరిపోయింది. ఇక చేపలకి ఊపిరెక్కడిది?" అంది ఆవిడ. "ఏడుపు తర్వాత. ముందు బతికున్నవాటి సంగతి చూడు."

తన షెడ్డులోంచి పంపు తెచ్చి, నీళ్లు పైకి తోడి, ఎత్తునుంచి మళ్లీ చెరువులోకే పడేలా పెట్టింది. ఆయన మోకాళ్లలోతు దిగి చచ్చినవాటినీ, కుళ్లిన నాచునీ వలతో తీశాడు. మధ్యాహ్నానికి తొమ్మిది చేపలు మూతులు దించి లోపలికి వెళ్లాయి. మిగతావాటిని గొయ్యి తీసి పూడ్చాడు.

"ఇందాక నోరు జారాను వదినా."

"ఇందాకే కాదు. మీ అన్నయ్య పోయిన రోజూ అన్నావు, నా షెడ్డు ఆవిరే ఆయన్ని తినేసిందని. నలుగురిలో."

ఆయనకు గుర్తుంది. ఆవిడ మరిచిపోయి ఉంటుందనుకుని ఇన్నాళ్లూ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"అదీ తప్పే."

"ఆ మాట రావడానికి ఆరేళ్లు పట్టిందా?" కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకుందామనే అడిగినట్టుంది.

"పట్టింది," అన్నాడు.

ఆవిడ గట్టు మీద కూర్చున్నదల్లా కొంచెం పక్కకు జరిగి, "ఎంతసేపు నిలబడతావు, కూర్చో," అంది.