గేటు బయటి వాటం

ఉదయం ఏడు దాటింది. మేస్త్రి ఇంటి గేటు ముందు ఆయన అత్తగారు వాకరు పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు కాళ్ళ అల్యూమినియం స్టాండు అది. మూడు కాళ్ళు నేల మీద ఉన్నాయి. నాలుగోది గాల్లో ఉంది.

"గట్టిగా నొక్కమ్మా," అంది పక్కన పట్టుకున్న కూతురు.

"ఇది నొక్కితే అది లేస్తోందే. ఏం చెయ్యమంటావు, ఎక్కి కూర్చోమంటావా?"

చూసేవాళ్ళకు ఇది చిన్న విషయం. ఒక ముసలావిడ, ఒక వాకరు, పొద్దుటి వీధి. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని చదివేవారు అనుకోవచ్చు. కానీ ఆ నాలుగో కాలు ఎందుకు ఆనలేదో తెలుసుకోవడానికి ఆ ఇంట్లోవాళ్ళకే రెండు వారాలు పట్టింది.

అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కసరత్తు చేయించే అమ్మాయి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఒకటే మాట చెప్పింది. "ఆరు వారాలకి మళ్ళీ రండి. ఆ రోజుకి ఎక్కడా కూర్చోకుండా రెండు వందల అడుగులు వెయ్యాలి. చదునైన నేల మీద రోజూ నడిపించండి. ఇప్పుడు నడవకపోతే కండ కరిగిపోతుంది, ఇక మంచమే."

ఇంట్లో వీధి తలుపు నుంచి వంటింటి గడపకు పదకొండు అడుగులు. మధ్యలో బీరువా. అక్కడ వాకరు అడ్డంగా తిప్పాలి. మొదటి వారం అలాగే తిరిగింది. "గానుగెద్దుకైనా గుండ్రంగా తిరిగే చోటు ఉంటుందే," అంది ఎనిమిదో రోజున. అందుకే వీధిలోకి తీసుకువచ్చారు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ రోడ్డుకన్నా ఎత్తు. ప్రతి గేటు నుంచీ రోడ్డు మీదికి సిమెంటు ర్యాంపు దిగుతుంది. ఒక్కో ర్యాంపు ఒక్కో ఎత్తు. రెండు ర్యాంపుల మధ్య ఖాళీలో మోటారు సైకిలో, పూలకుండీలో ఉంటాయి. కుండీలు అందం కోసం కాదు, ఇంకొకరు బండి పెట్టకుండా. ర్యాంపు మీద అడ్డంగా నడిస్తే వాకరు పక్కకు ఒరుగుతుంది. అందుకని తల్లీ కూతుళ్ళు రోడ్డు మీదికే దిగారు.

వెనక నుంచి మోటారు సైకిలు హారన్ మోగింది. "ఇంట్లో కూర్చోవచ్చు కదా పెద్దమ్మా," అన్నాడు దాని మీద ఉన్నవాడు.

"ఇంట్లో కూర్చుంటే నేనే పోతాను, బయటికొస్తే నువ్వు పంపిస్తావు. ఏది మేలో నువ్వే చెప్పు నాయనా."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. ఆవిడ నవ్వలేదు. ఊపిరి తీసుకోవడానికే సరిపోయింది.

వీధిలో నడక మొదలైన ఐదో రోజున పళ్ళ డాక్టరుగారి ఇంటి ముందు అది జరిగింది. డాక్టరుగారి కారు పొడవైనది. సగం ర్యాంపు మీద, సగం రోడ్డు మీద నిలబడి ఉంటుంది. దాన్ని చుట్టి రావడానికి అత్తగారు ఇంకో రెండడుగులు రోడ్డు నడిమికి వెళ్ళింది. సరుకుల వ్యాను అద్దం వాకరు పిడికి తగిలింది. వాకరు అటు పోయింది, ఆవిడ ఇటు కూలబడింది.

వ్యాను డ్రైవరు మంచివాడే. దిగి వచ్చి ఆవిడను లేపాడు. "చూడలేదమ్మా. కారు వెనక నుంచి ఒక్కసారిగా వచ్చారు," అన్నాడు. అతను అబద్ధమాడలేదు.

ఎక్స్‌రేలో రాడ్డు కదల్లేదని తేలింది. కదిలింది ఆవిడ ధైర్యం. "ఇక నన్ను బయటికి లాగొద్దు," అని గోడ వైపు తిరిగి పడుకుంది. మొదటి రోజు నొప్పి అనుకున్నారు. మూడో రోజు భయం అనుకున్నారు. వారం గడిచేసరికి పక్క మీద నుంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. మంచి కాలు కూడా సన్నబడుతోంది. వంటిల్లు, తల్లి పక్కబట్టలు, మళ్ళీ వంటిల్లు. మేస్త్రి భార్య కళ్ళ కింద నలుపు దిగింది.

ఒక మధ్యాహ్నం మేస్త్రి పని నుంచి భోజనానికి వచ్చాడు. భార్య వడ్డిస్తూ, తల్లి గది వైపు చూస్తూ, విసుగులో అనేసింది. "ఇంటింటికీ ఈ మిట్టలు ఏ పుణ్యాత్ముడు కట్టాడో గానీ, వాడి చేతులు..."

అక్కడ ఆగిపోయింది. గరిటె చేతిలోనే ఉంది.

మేస్త్రి తల ఎత్తలేదు. కంచంలో ఉన్న తన చెయ్యి వైపు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో సిమెంటు తెల్లగా పట్టేసి ఉంది, ఎంత కడిగినా పోనిది. ఆ వీధిలో ర్యాంపులన్నీ ఆయన కట్టినవే.

"మజ్జిగ పొయ్యనా?" అంది భార్య మెల్లగా.

"వద్దు," అన్నాడు.

ఆ రోజు మళ్ళీ పనికి వెళ్ళలేదు. టేపు, చదును చూసే మట్టపు బద్ద పట్టుకుని వీధి చివరి నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఏ ర్యాంపు ఎప్పుడు వేశాడో ఆయనకు గుర్తే. మొదట వేసింది పళ్ళ డాక్టరుగారిది. ఇల్లు వానకు మునగకూడదని రోడ్డుకన్నా అడుగున్నర లేపించారు. కారు ఎక్కాలంటే వాటం ఇవ్వాలి. వాటం అంటే పల్లం, చక్రం తేలిగ్గా ఎక్కడానికి ఇచ్చే ఏటవాలు. అది గేటు లోపల ఇస్తే వరండాలో ఆరడుగులు పోతాయి. "లోపలెందుకు మేస్త్రీ, గేటు బయట వేసెయ్. ఎవరడుగుతారు?" అన్నారు డాక్టరుగారు. మేస్త్రి వేశాడు. నిజమే, ఎవరూ అడగలేదు.

తర్వాతి ఇల్లు డాక్టరుగారి ఇంటికన్నా అరడుగు లేచింది. వాళ్ళ ర్యాంపు ఇంకో అడుగు రోడ్డు మీదికి వచ్చింది. ఆ తర్వాతిది ఇంకాస్త. చివరకు తన ఇంటికీ వేసుకున్నాడు, మోటారు సైకిలు ఎక్కడానికి. చక్రం జారకుండా తడి సిమెంటు మీద దువ్వెనతో గీసినట్టు గీతలు గీశాడు. పద్నాలుగు ర్యాంపులు. ఒక్కటీ పగల్లేదు. చెడగొట్టాడని ఎవరూ అనలేని పని అది.

వంగి ఒక ర్యాంపు అంచు కింద చూశాడు. రాతి పలక కనిపించింది. వీధి వేసినప్పుడు కాలువ మీద మూడడుగుల వెడల్పున పరిచిన కాలిబాట అది. ఎక్కడికీ పోలేదు. ఆయన పనితనం కింద పడి ఉంది, అంతే.

ఆ ఆదివారం వీధివాళ్ళు డాక్టరుగారి వరండాలో కలిశారు. అత్తగారు పడిన సంగతి అందరికీ తెలుసు. అందరికీ బాధగానే ఉంది. వీధి సంఘం ప్రెసిడెంటు కాగితం చదివాడు. రెండు స్పీడు బ్రేకర్లు కావాలి. 'నెమ్మదిగా వెళ్ళండి' అని బోర్డు కావాలి. వ్యాన్లు వీధిలోకి రాకూడదు. అందరూ తలలూపారు. తప్పంతా బయటి నుంచి వచ్చేవాళ్ళదే అయినప్పుడు తల ఊపడం తేలిక.

మేస్త్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచాడు.

"ర్యాంపులు కొట్టెయ్యాలండీ," అన్నాడు.

ప్రెసిడెంటు కాగితం మీద నుంచి తలెత్తాడు.

"ఏ ర్యాంపులు?"

"మనవే. కింద కాలిబాట ఉంది. వాటం గేటు లోపల ఇస్తాను."

ప్రెసిడెంటు నవ్వాడు. "బాగుందయ్యా వరస. కట్టింది నువ్వే, కొట్టేదీ నువ్వే. రెండుసార్లూ కూలి నీకేనా?"

వరండా అంతా నవ్వింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "నా చెయ్యి ఊరికే వస్తుంది. సిమెంటు మీరు తెచ్చుకోండి," అన్నాడు.

"మరి నా కారు?" అన్నారు డాక్టరుగారు. "రెక్కలు కట్టుకుని ఎగరాలా?"

"లోపల ఆరడుగులు పోతాయండి. ఎక్కుతుంది."

"ఆరడుగులే! నేను కొన్న స్థలం అది."

"ఇప్పుడా ఆరడుగులు మా అత్తగారివి పోతున్నాయి డాక్టరుగారూ. ఆవిడ కొనుక్కోలేదు కాబట్టి కనపడ్డం లేదు."

మేస్త్రి అంత పొడుగు మాట మాట్లాడటం అంతకు ముందు ఎవరూ వినలేదు. స్పీడు బ్రేకర్ల కాగితం మీద సంతకాలు చేసి అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్నే మేస్త్రి తన ఇంటి ర్యాంపు మీద సమ్మెట వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. తన సిమెంటు అంత గట్టిదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"బండెక్కడ పెడతారు?" అంది భార్య.

"వరండాలో."

"మరి బట్టలెక్కడ ఉతకను?"

దెబ్బ పడింది. ఇంకో దెబ్బ పడింది. ఆమె కాసేపు చూసి, ఉతుకుడు బండను తనే కాలితో పక్కకు నెట్టింది.

పక్కింట్లో రిటైరైన బస్సు డ్రైవరు ఉంటాడు. చప్పుడుకు బయటికి వచ్చి, గోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను మేస్త్రీ," అన్నాడు చివరికి. "ఎదురుగా వచ్చే లారీని చూసి ఎప్పుడూ భయపడలేదు. ఆగి ఉన్న బండిని చూస్తేనే గుండె ఆగేది. దాని వెనక నుంచి ఎవరొస్తారో తెలియదు కదా. బస్సు దిగి ఇంటికొచ్చి, నేనూ అలాంటి అడ్డమే కట్టించుకున్నాను, చూడు. అది కూడా నీ చేతే."

"నేనే కట్టాను."

"ఇంకో సమ్మెట ఉందా?"

అలా రెండో ర్యాంపు కూడా పోయింది. మూడోది ఆ పక్కన బట్టలు కుట్టే ఆవిడది. ఆమెకు కారు లేదు, బండి లేదు. "మరి ఎందుకు కట్టించారమ్మా?" అని డ్రైవరు అడిగితే, "అందరికీ ఉంటే నాకు లేకపోతే బాగుండదని," అంది. పగిలిన పలకలు రెండు మార్చి, మేస్త్రి మట్టపు బద్ద పెట్టి చూశాడు. దాని గాజులోని బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. నాలుగో ఇల్లు డాక్టరుగారిది. అక్కడ పని ఆగిపోయింది.

ఇప్పుడు అత్తగారిని లేపాలి.

"నేను రాను అల్లుడూ. ఈ కాలం మనుషులకి నేను అడ్డం."

"అడ్డం తీసేశాను అత్తయ్యా. వచ్చి చూడండి."

"నువ్వు ఉన్న పని మానుకుని ఇలా రాళ్ళు కొడుతుంటే ఊరంతా నవ్వుతున్నారంట కదా?"

"నవ్వారు. నవ్వడం అయిపోయింది. రండి."

ఇద్దరూ చెరో పక్కన పట్టుకుని గేటు దాటించారు. వాకరు నాలుగు కాళ్ళూ ఆనాయి. ఆవిడ ఒకటి రెండుసార్లు ఊపి చూసింది, ఎవరో మోసం చేస్తున్నట్టు. తర్వాత ఒక అడుగు వేసింది. ఆ రోజు పద్నాలుగు అడుగులు వేసి కూర్చుంది. మర్నాడు ఇరవై. భుజాలు వణికేవి. పోయిన రోజులు తిరిగి రావు కదా.

నాలుగో రోజు పొద్దున చూస్తే కాలిబాట మీద ఎవరిదో స్కూటరు పెట్టి ఉంది. చదునైన ఖాళీ చోటు కనిపిస్తే మన కళ్ళకు అది బండి పెట్టుకునే చోటులాగే కనిపిస్తుంది. అత్తగారు దాని ముందు వాకరుతో నిలబడింది. కూతురు చుట్టి తీసుకుపోతానన్నా కదల్లేదు.

"ఎవరిది నాయనా ఈ గుర్రం?" అని కేక వేసింది. కేక వేస్తూనే ఉంది. చివరికి ప్రెసిడెంటే బనీనుతో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఐదు నిమిషాలేనమ్మా."

"నేనూ ఐదు నిమిషాలే నిలబడగలను నాయనా. ఆ తర్వాత నీ స్కూటరు మీదే పడతాను."

ఆయన మళ్ళీ పెట్టలేదు. ఇంకొకరు పెట్టారు. మళ్ళీ కేక. అలా రోజూ.

మూడు ఇళ్ళ ముందు కలిపి బాట ఆవిడ అడుగుల్లో నలభై ఒకటి. ఆ చివర తిరిగి ఈ చివరకు రావాలి. ఐదుసార్లు నడిస్తే రెండు వందల ఐదు. ఆరో వారం ఆఖరి రోజున ఆవిడ నాలుగు సార్లు నడిచి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. నూట అరవై నాలుగు. కుట్టుపని ఆవిడ కుర్చీ తెచ్చింది. "కూర్చుంటే లెక్క పోతుంది, తీసెయ్," అంది అత్తగారు. చెమట తుడుచుకుంది. నడిచింది. రెండు వందలు దాటినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూతురు మాత్రం కొంగుతో మొహం కప్పుకుంది. మేస్త్రి వీధి వైపు తిరిగి దగ్గాడు.

డాక్టరుగారు గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నారు.

"బాగానే నడుస్తున్నారు కదమ్మా," అన్నారు. "ఇక ఈ మూడిళ్ళ మేర సరిపోతుంది. మా ర్యాంపు మాట ఇంకెందుకు?"

అత్తగారు ఆయన ర్యాంపు అంచున ఆగి ఊపిరి తీసుకుంది. ఆవిడ మాటలో కోపం లేదు, అలసటే ఉంది.

"నాకోసం కాదు డాక్టరుగారూ. నాకెన్నాళ్ళు? మీకూ ఒకరోజు కాలు కుంటుతుంది, మీ పిల్లలకి పిల్లలు పుట్టి వేలు పట్టుకుని నడుస్తారు. అప్పుడు ఈ వీధిలో మీకు కారుకి చోటుంటుంది, కాలికి ఉండదు."

డాక్టరుగారు లోపలికి వెళ్ళి గేటు వేసుకున్నారు. ఈ కథ రాసే నాటికి ఆయన ర్యాంపు అక్కడే ఉంది. తక్కిన పదీ ఉన్నాయి. స్పీడు బ్రేకర్ల కాగితానికి జవాబు రాలేదు. అత్తగారు ఆసుపత్రి పరీక్షలో నెగ్గింది గానీ, ఆ పోయిన రోజులకు గుర్తుగా ఒక కాలు ఈడుస్తూనే నడుస్తుంది. రోజూ మూడిళ్ళ మేర నిబ్బరంగా నడిచి, నాలుగో ఇంటి దగ్గర ముందూ వెనకా చూసుకుని రోడ్డు మీదికి దిగుతుంది.

చదివేవారు ఒక్కసారి లేచి మీ గేటు బయటికి వచ్చి చూడండి. వేగంగా వచ్చే బండిని ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. దాని ముందుకు మనిషిని నెట్టకుండా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది. గేటు లోపలి నేల మనది, గేటు బయటి నేల నడిచేవాళ్ళది.