ఏడో నంబరు నల్ల బిళ్ల

ఆ రచయితల క్లబ్బులో ప్రవేశానికి ఎనభై ఏళ్లుగా ఒకటే పద్ధతి. ప్రతి సభ్యునికీ ఒక తెల్ల బిళ్ల, ఒక నల్ల బిళ్ల. వాటి వెనుక అతని కుర్చీ నంబరు. కొత్తవారి దరఖాస్తు వచ్చినప్పుడు రెండింటిలో ఒకటి పెట్టెలో వేయాలి. ఒక్క నల్ల బిళ్ల పడినా తలుపు మూసుకున్నట్లే. కార్యదర్శి గడియ వేసుకుని లెక్కించి, ఎవరి బిళ్ల వారికి కవరులో పెట్టి తిరిగి ఇస్తాడు. నల్లది ఎవరు వేశారో ప్రాణం పోయినా నోరు విప్పనని అతడు ప్రమాణం చేయాలి.

నోరు విప్పొద్దన్నారు గాని, కలం విప్పొద్దనలేదు. రచయితలు కదా, చేతి దురద! తరతరాల కార్యదర్శులు ఒక పుస్తకంలో ప్రతి తిరస్కరణ పక్కనా ఆ నల్ల బిళ్ల నంబరు గుట్టుగా వ్రాసి పెట్టుకున్నారు. క్లబ్బు చరిత్ర వ్రాయడానికి కూర్చున్న మాస్టారికి ఆ పుస్తకం బీరువా అడుగున దొరికింది.

మాస్టారిని క్లబ్బు మూడుసార్లు త్రోసిపుచ్చింది. మూడుసార్లూ పక్కన ఏడు. ఏడో కుర్చీ అధ్యక్షులవారిది, అనగా మాస్టారి అక్కగారి భర్తది. "ఎవడో కుళ్లుబోతు, ఏం చేస్తాం!" అని మూడుసార్లూ ఇంటికి వచ్చి భుజం తట్టిన చెయ్యి అదే. నాలుగోసారి ఆ బావగారు జ్వరంతో మంచం పట్టబట్టి మాస్టారు గడప దాటగలిగాడు.

వ్రాతప్రతి చదివిన అధ్యక్షుడు, దానికి ఆధారంగా జతచేసిన ఆ కార్యదర్శుల పుస్తకంతో సహా గ్రంథాలయంలోకి వచ్చి మాస్టారి ఎదుట కూర్చున్నాడు.

"ఈ తిరస్కరణల అధ్యాయం తీసెయ్."

"బావమరిది బతక కోరతాడంటారు బావగారూ. బావ ఏం కోరతాడో మాత్రం ఎవరూ చెప్పలేదు."

"ఇంట్లో మీ అక్క రోజూ నీ నవలలతో నా నవలల్ని పోల్చేది. ఇక్కడ కూడా నీ మొహం చూడాలా?"

"ఆ ముక్క అప్పుడే మొహం మీద అనాల్సింది."

"అంటే ఆవిడ నాకు అన్నం పెట్టేదా?" అధ్యక్షుడు పుస్తకం తిప్పి ఒక పుటపై వేలు పెట్టాడు. "ఇదిగో, ఆ అనువాదకురాలు. రెండుసార్లు తిరస్కారం. పక్కన ఇరవై మూడు. ఆ కుర్చీ ఎవరిదోయ్?"

ఆ కుర్చీ మాస్టారిదే. అతని తొలి నవల ముగింపు పేలవమని ఆమె ఒక పత్రికలో వ్రాసింది. ఆ ఒక్క వాక్యానికి రెండు నల్ల బిళ్లలు. ఏమీ ఎరుగని ఆమె నేటికీ ఎదురైతే నమస్కరిస్తుంది.

"నీ చరిత్రలో ఆవిడ ఊసే లేదేం? గురివింద గింజకి తన నలుపు తెలీదట! నీ పరువు నువ్వు దాచుకున్నావుగా, నాదీ దాచు. ఆ కాగితాలు చింపెయ్."

మాస్టారు కలం మూత తీశాడు. అధ్యక్షుడు తృప్తిగా వెనక్కి వాలాడు. కలం ఏదీ కొట్టివేయలేదు, అధ్యాయం పైభాగాన ఒక క్రొత్త వాక్యం చేర్చింది: "అనువాదకురాలిని రెండుసార్లు వెలుపల నిలబెట్టినది ఇరవై మూడో నంబరు నల్ల బిళ్ల, ఆ కుర్చీ ఈ గ్రంథకర్తదే."

"మీరు రెండో వాక్యంలో ఉన్నారు బావగారూ. పెద్దవారు, వెనక వేసినందుకు మన్నించాలి."

అధ్యక్షుడు చప్పున ముందుకు వంగాడు. "అక్కకి ఏం చెప్తావురా?"

"నేను చెప్పడమెందుకు? ఆవిడకి చదవడం వచ్చు."