అమ్మకానికి పెట్టిన తలుపు

"ఏమే, ఓటీపీ వచ్చిందా? చెప్పు!"

పొయ్యి మీద సంగటి. కెలికే కట్టె వదిలితే ఉండలు కడుతుంది. అయినా నీలావతి వదిలింది. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫోన్లో వచ్చిన అంకెలు హాల్లోకి వినపడేటట్టు చదివింది. చంద్రమోహన్ వాటిని ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు. అంతే, ఆమె పేరు మీదున్న ఏవో షేర్లు అమ్ముడుపోయినాయి, ఇంకేవో వచ్చి చేరినాయి. ఏవి పోయినాయో, ఏవి వచ్చినాయో ఆమెకు చెప్పిన పాపాన పోలేదు ఎవరూ. సంగటి మాత్రం ఉండలు కట్టింది. దానికి జవాబు ఆమే చెప్పుకోవాల.

"రాగిసంగటి కెలికేది కూడా రాకపోతే ఎట్లమ్మే?" అని అత్త నరసక్క కంచం ముందర కూర్చుని మూతి తిప్పింది.

చంద్రమోహన్ ధర్మవరంలో కాలేజీ లెక్చరర్. కామర్స్ చెప్తాడు. జీతం ఉండేవాడి పేరు మీద కంటే పెండ్లాం పేరు మీదయితే పన్ను తగ్గుతుందని, షేర్లు ఉంచే డీమ్యాట్ ఖాతా ఆమె పేరున తెరిచినాడు. పేరు ఆమెది, సంతకం ఆమెది, ఫోను ఆమెది. అందులో పడే దుడ్లూ ఆమెవే. మగ్గాల ఇండ్లకు తిరిగి పట్టుచీరలు తెచ్చేది ఆమె, బెంగుళూరు ఆడోళ్ళకు వీడియోలో అంచూ కొంగూ తిప్పి తిప్పి చూపేది ఆమె, కుచ్చులు కట్టేది, మడత పెట్టేది, కొరియర్‌కు మోసుకుపోయేది ఆమె. ఇంత చేస్తే స్నేహితుల ముందర ఆయన అనే మాట ఏందంటే, "మా ఇంటామె టైంపాస్‌కు చీరలు అమ్ముతాదబ్బా. ఇన్వెస్ట్‌మెంటంతా నేను చూసుకుంటా." అత్తది ఇంకొక రకం. "కూర్చున్న చోటనే ఫోన్లో కిలకిలా నవ్వితే దుడ్లిస్తారంట. మా కాలంలో లేకపాయె ఈ సుఖం."

ఈసారి విషయం పెద్దది. పెనుకొండ దగ్గర ఒక కంపెనీ ఉండాది. మంటలార్పే సిలిండర్లు, అగ్గిలోకి దిగేవాళ్ళు తొడుక్కునే కోట్లు, నిప్పంటుకోని తలుపులు చేస్తారు. షేర్ మార్కెట్లోకి దిగకముందే తెలిసినవాళ్ళకు తక్కువ రేటుకు షేర్లు ఇస్తున్నారని బ్రోకర్ శివశంకర్ మోసుకొచ్చినాడు. ఆమె పేరున ఉన్న మిగతావన్నీ అమ్మి మొత్తం ఇందులో పెట్టాలని చంద్రమోహన్ తీర్మానించినాడు. మొత్తం అంటే ఆమె చీరల మీద సంపాదించిందంతా. బజారులో చిన్న షాపు పెట్టుకోవాలని ఆమె దాచుకుంటున్నదంతా.

ఆదివారం ఫ్యాక్టరీ చూసి రావాలని బయలుదేరుతుంటే, "నేనూ వస్తా" అనింది.

"నువ్వా? ఆడ నువ్వేం చూస్తావు?"

"నా పేరు మీద కొంటాండేది నేను చూడద్దా?"

తెలీకుండా మాట్లాడలేదు ఆమె. శివశంకర్ ఇచ్చిపోయిన కాగితాలు కుచ్చులు కడుతూనే చదివింది. అర్థంకాని మాటలు ఫోన్లో వెతుక్కుంది. ఆర్డర్లలో సగం ఒకే సర్కారు శాఖ నుంచి వస్తాయి, వాళ్ళు బిల్లులు లేటుగా ఇస్తారు, అందుకే అప్పు పెరుగుతోంది. అది పట్టుకుంది. అప్పు పక్కన పెడితే సరుకు మంచిదనీ, కొత్త ఫ్యాక్టరీలు వచ్చే కొద్దీ గిరాకీ పెరుగుతుందనీ అనుకుంది. నిజం చెప్పాలంటే కొనే మనసుతోనే కారెక్కింది.

ఆమెకొక అలవాటు ఉండాది. ఏ ఇంటికి పోయినా, పెండ్లి మంటపానికి పోయినా, ముందు రెండో తలుపు యాడుందో చూస్తుంది. పెండ్లికి ముందు హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఒక పొద్దు ఇస్త్రీ బల్ల దగ్గర వైర్లు కాలి షెడ్డంతా పొగ కమ్మింది. అందరూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తినారు. దానికి తాళం. ముందర గేటు తీసి అందర్నీ బయటికి లాగేసరికి గోవిందమ్మ అనే పిల్ల సొమ్మసిల్లిపోయింది. బతికింది గానీ మళ్ళీ మిషన్ ఎక్కలేదు. ఆ తాళం ఎందుకేసినారని అడిగితే, "మీరు బట్టలు ఎత్తుకుపోతారని" అన్నాడు సూపర్‌వైజర్. అప్పటినుంచి ఆమెకు ఆ చూపు. అత్తగారింట్లో పోట్లాడి వంటింటికి వెనక తలుపు పెట్టించుకుంటే, "దొంగలకు దోవ చేస్తాండావా?" అని నరసక్క నెలంతా సాధించింది. చంద్రమోహన్ దానికి 'నీలావతి పిచ్చి' అని పేరే పెట్టినాడు.

కంపెనీలో మేనేజర్ హరిప్రసాద్ ఎదురొచ్చి కాఫీలిప్పించి, ముందు షోరూంలోకి తీసుకుపోయినాడు. నడిమధ్యలో ఎర్ర రంగేసిన తలుపు నిలబెట్టినారు. అడ్డంగా ఇనుప కమ్మీ.

"చూడండి సార్, లోపల్నుంచి నడుముతో తోసినా తెరుచుకుంటాది. చీకట్లో గానీ, పొగలో గానీ చెయ్యి వెతుక్కునే పని లేదు." తోసి చూపించినాడు.

నీలావతి కూడా తోసింది. ఎంత మెత్తగా తెరుచుకుందో! గోవిందమ్మ గుర్తొచ్చింది. ఇట్లాంటిది ఆపొద్దు ఆడుంటే. "మంచి సరుకు" అనింది బయటికే. చంద్రమోహన్ శివశంకర్ వైపు చూసి కన్ను కొట్టినాడు, పనయిపోయినట్టే అని.

తర్వాత కోట్లు కుట్టే షెడ్డు. ఆదివారమైనా పని జరుగుతోంది. పెద్ద ఆర్డరంట. వరసలు వరసలుగా ఆడోళ్ళు తల ఎత్తకుండా కుడుతున్నారు. మగవాళ్ళు మేనేజర్ను మార్జిన్ల గురించి అడుగుతుంటే ఆమె కండ్లు వాటి అలవాటు కొద్దీ వెనక గోడ మీదికి పోయినాయి. ఆడొక రేకుల తలుపు ఉండాది. దానికి తాళం.

"ఆ తలుపు తీయండి" అనింది.

"అది వాడం మేడం."

"వాడేదానికి కాదు. తీయండి, చూస్తా."

తాళం చెవి సూపర్‌వైజర్ దగ్గరుందన్నారు. సూపర్‌వైజర్ ఏదో సామానుకు హిందూపురం పోయినాడు. ఇంకో చెవి ఆఫీసులో ఉండాలన్నారు, వెతికినారు, లేదు. ఒక మిషన్ ఆగింది, ఇంకొకటి ఆగింది. ఆడోళ్ళందరూ ఇటే చూస్తున్నారు.

హరిప్రసాద్ గొంతు తగ్గించి, "ఏముంది మేడం, తీసిపెడితే టైం గాకముందే జారుకుంటారు. గుడ్డ కూడా ఖరీదైంది" అన్నాడు.

"మరి షోరూంలో తలుపుకు తాళం లేదే?"

"అది అమ్మేదానికి పెట్టింది మేడం."

ఆ మాట అంటూ నవ్వినాడు కూడా. శివశంకర్ నవ్వినాడు. చంద్రమోహన్ నవ్వినాడు. ఊరందరికీ అగ్గి తగలకుండా కోట్లు కుట్టే చేతులకు బయటపడే దోవ మాత్రం దండగ ఖర్చు! నీలావతి నవ్వలేదు. నిటారుగా నిలబడింది.

పక్క మిషన్ మీదున్న పెద్దామె, మెడలో ఈరక్క అని పేరున్న కార్డు, మెల్లగా అడిగింది. "యామ్మా, నువ్వు తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మవా?"

"కాదక్కా. షేర్లు కొనేదాన్ని."

ఈ మాట ఇంతవరకూ ఆమె నోటి వెంట ఎప్పుడూ రాలేదు. అన్న తర్వాత తన చెవికే కొత్తగా వినపడింది. ఈరక్క తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఇన్నావా? కొనేది ఈయమ్మంట!"

కారు పెనుకొండ దాటకముందే చంద్రమోహన్ మొదలుపెట్టినాడు. "పరువు తీసినావు. అంత ఆర్డర్లుండే కంపెనీని తాళం చూసి వద్దంటారా ఎవరన్నా? నీ పిచ్చి ఇంట్లో పెట్టుకో."

"అగ్గి నుంచి కాపాడేది వాళ్ళ వ్యాపారం. తాళం చెవి యాడుందో వాళ్ళకే తెలీదు. ఇంక నా దుడ్లు యాడుండేదీ వాళ్ళకు తెలుస్తాదా? సొంత షెడ్డు తగలబడితే ఆర్డర్లుంటాయా, పేరుంటాదా? మీరు కామర్స్ చెప్తారు గదా, ఇది ఏ పద్దులో రాస్తారు?"

ముందు సీట్లో శివశంకర్ దగ్గినాడు.

"ఆ తలుపు తీయించి, షోరూంలో ఉండేట్లాంటిది ఆడ పెట్టమనండి. నేను మళ్ళీ పోయి తోసి చూస్తా. అప్పుడు కొంటా. లేదంటే లేదు."

ఆయన శివశంకర్‌తో రేట్ల మాటలోకి దిగినాడు. ఒప్పుకున్నాడనుకునేరు. ఆయన లెక్కలో అది బదులు చెప్పదగిన మాటే కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి మొగవాడు కాళ్ళు చాపుకుని, సోమవారం మార్కెట్ తెరవగానే ఆమె షేర్లన్నీ అమ్ముడుపోయేటట్టు ఆర్డర్ పెట్టేదానికి ల్యాప్‌టాప్ ముందరేసుకున్నాడు. ఆమె పొయ్యి వెలిగించింది, ఎసరు పెట్టింది, పిండి పోసి కట్టె పట్టుకుంది. వెనక తలుపులోంచి చల్లగాలి వస్తోంది. గూట్లో ఫోను కుయ్యిమనింది.

"ఏమే, ఓటీపీ వచ్చిందా?"

ఆమె కట్టె వదల్లేదు. "వచ్చింది."

"చెప్పు మరి! టైం అయిపోతాది."

సంగటి కెలుకుతూనే ఉంది. ఆయన లేచి వంటింటి గడప దాకా వచ్చినాడు. వెనకాలే నరసక్క. "వాడు అడుగుతాండాడు గదమ్మే, చెప్పేస్తే నీ సొమ్మేం పోతాది?"

నీలావతి కుండ దించింది. ఒక్క ఉండ లేదు. చెయ్యి కడుక్కుంది, తుడుచుకుంది, ఫోను తీసి ఆ అంకెలను ఒకసారి చూసుకుని, జాకెట్లో పెట్టుకుంది.

"వచ్చిండేది నాకు" అనింది.