చిన్నరాజు చేతి ముద్ర

నేను ఒక వెండి రాజముద్రను. గుప్పిట్లో ఇమిడిపోతాను. నా ముఖాన సింహం ఉంది. చెక్కిన కంసాలి దాని నాలుక కాస్త సాగదీశాడు, అందుకని గర్జిస్తున్నట్టు కాక దాహంతో రొప్పుతున్నట్టుంటుంది. అయితేనేం, ఐరోపాలోని మా వాల్డెర్న్ రాజ్యంలో పత్రం మీద నేను ఒకసారి పడ్డానంటే ఆ మాటను రాజు కూడా వెనక్కి తీసుకోలేడు.

మా రాజుగారు జ్వరంతో పోయేనాటికి కొడుకు లియోరిక్‌కు ఐదేళ్లు. వాడి పేరున తల్లి, రాణి ఇసలీన్, రాజ్యం నడిపింది. కానీ రాజు పసివాడైనా సరే, ముద్ర వాడి చేత్తోనే పడాలని అక్కడి ఆచారం. వాడికేమో కరిగిన లక్క వాసన గిట్టదు, ఒక్క చోట కూర్చోడు. పాపం, ఆ తల్లి దాన్నో ఆట చేసింది. సింహానికి ఆకలేస్తోంది, లక్క పెడదామా అనేది. వాడు కిలకిలా నవ్వుతూ నన్ను అదిమేవాడు. పన్నులూ శిక్షలూ అన్నీ ఆ నవ్వుల్లోనే ఖాయమైపోయేవి. చోద్యం కాకపోతే ఏమిటి!

చనిపోయిన రాజుగారి తమ్ముడు హాల్డెన్‌కు ఇదంతా కంటగింపు. రాణి మళ్లీ పెళ్లి చేసుకుంటే రాజ్యభారం మరిదికి దక్కుతుంది. కొడుకును వదిలి ఎక్కడికీ పోనని ఆవిడ తెగేసి చెప్పింది. అయితే రాజకుటుంబంలో ఎవరి పెళ్లయినా రాజాజ్ఞ మీదే జరుగుతుంది. రాజాజ్ఞ అంటే నేనే, నా ఖర్మ.

ఒక ఉదయం ఆవిడ ప్రార్థనకు వెళ్లింది. హాల్డెన్ వచ్చి, పొరుగు దేశపు ముసలిరాజుకు ఆవిణ్ణిచ్చి పెళ్లి చేసే పత్రం బల్ల మీద పరిచి, లక్క కరిగించాడు.

"సింహానికి ఆకలేస్తోందిరా బాబూ," అన్నాడు ముద్దుగా.

నాకు నోరుంది, కానీ చెక్కిన నోరు. జారిపోదామనుకున్నాను. పిల్లాడి పట్టు గట్టిది. నవ్వుతూ అదిమేశాడు.

తిరిగొచ్చిన రాణి ఆ పత్రం చదివింది. కొడుకు తన పని చూపించి మురిసిపోతున్నాడు.

"చక్కగా వేశావు నాన్నా," అంది.

ఆ వారంలోనే ఆవిణ్ణి బండెక్కించి పంపేశారు. వాడు నన్ను పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్లాడు.

"ముద్ర వేస్తే అమ్మ వెళ్లిపోయింది కదా. ఏ ముద్ర వేస్తే వస్తుంది?"

ఇక పత్రాలు రాయించేది బాబాయే. ఆయన ఇంకో పత్రం పరిచి లక్క కరిగించాడు.

పెద్దవాడై రాజ్యం చేతికి రాగానే వాడు రాయించిన మొదటి ఆజ్ఞ తల్లిని రప్పించమనే. ఈసారి నవ్వకుండా నన్ను అదిమాడు. ఆవిడ అప్పటికే ఆ పరాయి మట్టిలో కలిసిపోయింది.

ఇప్పుడు మ్యూజియంలో ఆ ఆజ్ఞ, నేను ఒకే అద్దాల పెట్టెలో ఉన్నాం. వచ్చినవాళ్లు సింహం నాలుక చూసి నవ్వుకుంటారు. ముద్ర మాత్రం చక్కగానే పడింది.